చూసినంత మేరకే

ఆడ అనాఫిలిస్ దోమ కుట్టడం వల్ల మలేరియా వస్తుందన్న వాక్యం మన బడిపిల్లలకు కంఠతా వచ్చు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న అది. దాన్ని కనిపెట్టినవాడు రోనాల్డ్ రాస్ అని, ఊరు సికింద్రాబాద్ అని, తేదీ 1897 ఆగస్టు 20 అని కూడా చాలామందికి తెలుసు. ఆ తేదీకి ముందు అదే సికింద్రాబాద్‌లో అదే మనిషి ఏం తప్పు చేశాడో, ఆయన గురువు ఏ తప్పుడు దారి చూపించాడో, ఆ తప్పులు ఎలా బయటపడ్డాయో మాత్రం పాఠాల్లో ఉండదు. ఫలితం ఒక్కటే నిలుస్తుంది, దారి చెరిగిపోతుంది. ఈ పూట ఆ చెరిగిపోయిన దారి గురించి మాట్లాడదలిచాను. మన అభిప్రాయాల విషయంలో మనం ఎంత అణకువగా ఉండాలి, మన తప్పుల నుంచి మనం నిజంగా ఎలా నేర్చుకోగలం అన్న ప్రశ్నలకు మన నేల మీద జరిగిన ఈ కథ ఇచ్చినంత స్పష్టమైన జవాబు మరొకటి ఇవ్వలేదని నా నమ్మకం.

అణకువ అనగానే మనకు స్వభావం గుర్తొస్తుంది. మెత్తగా మాట్లాడేవాడు, పొగిడితే సిగ్గుపడేవాడు, పెద్దల ముందు గొంతు పెంచనివాడు అణకువ గలవాడు. అది మంచి గుణమే, కాదనను. కానీ ఆలోచనలో అణకువ దానికి వేరు. తాను నిజంగా చూసింది ఎంత, దాని మీద తాను కట్టిన నిర్ణయం ఎంత అని కొలుచుకుని, చూసినదానికి మించిన నిర్ణయాన్ని కుదించుకోవడమే అది. మెత్తగా మాట్లాడే మనిషి కూడా ఈ పని చేయకపోవచ్చు. గొంతు చించుకుని వాదించే మనిషి చేయవచ్చు. రాస్ రెండో రకం. అందుకే ఆయన కథ మనకు పనికొస్తుంది.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. లండన్‌లో వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. దానికి ముందు ఏడాదే అల్జీరియాలోని కాన్‌స్టంటీన్ పట్టణంలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. అప్పటిదాకా చలిజ్వరానికి బురదనేలల నుంచి లేచే చెడుగాలే కారణమని యూరప్ వైద్యులు నమ్మేవారు. మన వైపు మన్యం వెళ్లొచ్చినవాడికి జ్వరం తగిలితే అక్కడి నీళ్లు పడలేదనేవాళ్లు. రాస్ కూడా భారతదేశంలో జ్వరపు రోగుల రక్తాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి లావెరాన్ చెప్పిన జీవి కోసం వెతికాడు. కనబడలేదు. అంతటితో లావెరాన్ పొరబడ్డాడని తేల్చేశాడు. ఈ జ్వరాలకు మూలం పేగుల్లో ఉందని వాదిస్తూ వ్యాసాలు కూడా ప్రచురించాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు రోగి రక్తపు చుక్కను అద్దం మీద పరిచి, ఇదిగో చూడమని చూపించాడు. ఎర్ర రక్తకణం లోపల సన్నని నల్లటి రేణువులతో కదులుతున్న జీవి కనబడింది. రాస్ అప్పటికప్పుడే తన పాత వాదాన్ని వదులుకున్నాడు.

ఈ మొదటి తప్పును కాస్త దగ్గరగా చూడాలి. రాస్ అబద్ధం చెప్పలేదు. బద్ధకించలేదు. వెతికాడు, కనబడలేదు. అక్కడివరకు నిజమే. ఆ తర్వాత వేసిన అడుగులోనే తప్పుంది. తనకు కనబడలేదు కనుక అది లేదన్నాడు. ఈ రెంటి మధ్య ఒక ప్రశ్న ఉండాలి: ఒకవేళ అది ఉండి ఉంటే, నేను వెతికిన పద్ధతిలో నాకు కనబడి ఉండేదా? రక్తం ఎంత పల్చగా పరచాలి, జ్వరం ఏ దశలో ఉన్నప్పుడు తీయాలి, ఏ రేణువు పరాన్నజీవిది, ఏది అద్దం మీద పడ్డ నలుసు అన్నది నేర్చుకున్న కన్నుకే తెలుస్తుంది. ఆ కన్ను తనకు ఇంకా రాలేదన్న ఆలోచన రాస్‌కు తట్టలేదు. మనలో చాలామంది చేసే తప్పు ఇదే. మనకు తెలియనిది లేదనుకుంటాం. మన ఇంట్లో లేని బాధ ఊళ్లో లేదనుకుంటాం.

ఇక గురువు సంగతి. మాన్సన్ సామాన్యుడు కాదు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ 1877లో బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చూపించినవాడు. పురుగును దోమ మోస్తుంటే మలేరియా జీవిని మాత్రం ఎందుకు మోయకూడదని ఊహించాడు. 1894 చివర్లో ఆ ఊహను అచ్చువేశాడు. ఆ ఊహ గొప్పది, నిజమైంది కూడా. కానీ దానికి తగిలించిన వివరాల్లో పెద్ద తప్పులున్నాయి. దోమ జీవితంలో ఒక్కసారే రక్తం తాగుతుందని, నీటి మీద గుడ్లు పెట్టి కొద్దిరోజుల్లో చనిపోతుందని మాన్సన్ నమ్మాడు. ఒక్కసారే కుడుతుందంటే రెండో మనిషికి జబ్బు కాటు ద్వారా చేరే వీల్లేదు. కాబట్టి చచ్చిన దోమ ఒంట్లోంచి జీవి నీటిలోకి వస్తుందని, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుందని అన్నాడు. దోమ వారాల తరబడి బతికి, మళ్లీ మళ్లీ కుట్టగలదని ఆయనకు తెలియదు. తనకు తెలిసిన కాస్త దోమ జీవితాన్ని మొత్తం దోమ జీవితమనుకున్నాడు. శిష్యుడు లావెరాన్ విషయంలో చేసిన తప్పుకూ, గురువు దోమ విషయంలో చేసిన తప్పుకూ రూపం ఒకటే.

1895 వసంతంలో రాస్ సికింద్రాబాద్ చేరాడు. బేగంపేటలో సైనికుల వైద్యం ఆయన ఉద్యోగం. మలేరియా పరిశోధన సొంత పట్టుదల. గురువు చెప్పినట్టే దోమలను పట్టించి, జ్వరపు రోగుల రక్తం తాగించి, అవి చచ్చిన నీళ్లను ఒప్పుకున్న మనుషులకు తాగించాడు. ఒకరికి కాస్త జ్వరం వచ్చేసరికి ఆశపడ్డాడు. మిగతావాళ్లలో అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఏమీ తేలలేదు. మరోపక్క దోమలను కోసి, వాటి లోపల జీవి కోసం వెతికాడు. అక్కడా ఏమీ లేదు. ఆయనకు దొరికినవి మన ఇళ్లలో మూలమూలా ఉండే బూడిదరంగు దోమలు, ఒంటి మీద చారలున్న దోమలు. ఈ రోజు మనం క్యూలెక్స్, ఏడిస్ అని పిలిచే రకాలవి. మనిషి మలేరియా జీవి వాటిలో పెరగదు. ఆ సంగతి అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. మధ్యలో బెంగళూరులో కలరా, పారిశుధ్యం పనుల మీద వేశారు. 1897లో నీలగిరుల వైపు సీగూరు కనుమకు వెళ్లి తానే మలేరియా తెచ్చుకున్నాడు. అక్కడ రెక్కల మీద మచ్చలున్న దోమ ఒకటి ఆయన కంటబడింది. గుర్తుపెట్టుకున్నాడు.

మళ్లీ సికింద్రాబాద్. ఆగస్టు నడిమధ్యలో మనుషులు తెచ్చిన దోమపిల్లల్లోంచి ఆ మచ్చల రెక్కల దోమలు పుట్టుకొచ్చాయి. ఆసుపత్రిలో హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఉన్నాడు. 16వ తేదీన దోమతెరలో ఆయన్ను పడుకోబెట్టి దోమలను వదిలారు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. తర్వాతి రోజుల్లో కొన్ని దోమలు చచ్చాయి, కొన్నింటిని కోసినా ఏమీ దొరకలేదు. ఆ వేడిలో పంకా లాగించడానికి వీల్లేదు, గాలికి కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. 20వ తేదీన మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాన్ని తీసి, పొట్టను విడదీసి, ఒక్కో కణమూ చూసుకుంటూ పోయాడు. పొట్ట గోడలో గుండ్రని కణం ఒకటి మిగతావాటికి వేరుగా ఉంది. అందులో నల్లని రేణువులున్నాయి. మలేరియా జీవి రక్తకణంలోని ఎర్రని పదార్థాన్ని తిని మిగిల్చే రేణువులవి. దోమ పొట్టలో వాటికి చోటుండటానికి మరో కారణం లేదు. మర్నాడు ఇంకో దోమను కోస్తే అలాంటి కణాలే మరింత పెద్దవిగా కనిపించాయి. అంటే అవి పెరుగుతున్నాయి. లండన్‌లో మాన్సన్ చూపించిన రేణువులను గుర్తుపట్టడం నేర్చుకున్న కన్ను ఇది. మూడేళ్ల కిందట లావెరాన్‌ను కాదన్న కన్ను కూడా ఇదే.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. పట్టుదల ఉంది, కాదనను. కానీ పట్టుదల ఒక్కటే ఉంటే ఆయన బూడిదరంగు దోమలనే మరో పదేళ్లు కోస్తూ ఉండేవాడు. అసలు మలుపు వేరేచోట ఉంది. రక్తంలో జీవి కనబడనప్పుడు, కనబడలేదు కనుక లేదన్న మనిషి, దోమల్లో కనబడనప్పుడు ఆ మాట అనలేదు. ఫలానా రకం దోమ, ఫలానా రోగి, ఇన్ని గంటల తర్వాత కోశాను, ఏమీ లేదు అని రాసుకున్నాడు. అంతవరకే. దోమ ఏ రకందో రాసుకున్నాడు కనుకనే, తప్పు దోమ రకంలో ఉండవచ్చన్న అనుమానానికి చోటు దొరికింది. దోమల్లో ఏమీ లేదని ఒక్క ముక్కలో రాసి పెట్టుకుని ఉంటే ఆ రెండేళ్ల శ్రమ నిజంగా వృథా అయ్యేది. వివరం లేని తప్పు ఎవరికీ ఏమీ నేర్పదు. తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలిగినప్పుడే అది పాఠమవుతుంది. దర్జీ బట్టను ఒంటి కొలతకు కత్తిరించినట్టు, రాస్ తన నిర్ణయాన్ని తాను చూసినదాని కొలతకు కత్తిరించాడు.

ఆయన తన తప్పులను ఒంటరిగా దిద్దుకోలేదన్నది కూడా గమనించాలి. మాన్సన్‌కూ రాస్‌కూ మధ్య ఆ కొన్నేళ్లలో వందకు పైగా ఉత్తరాలు నడిచాయి. వాటిలో విజయాల కంటే ఏమీ దొరకలేదన్న కబుర్లే ఎక్కువ. ఏమీ దొరకలేదని గురువుకు రాయడం తేలిక కాదు, అందులోనూ ఆ గురువు సొంత ఊహ మీద పనిచేస్తున్నప్పుడు. మాన్సన్ పక్క నుంచి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. రాస్ 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేసి, జీవి దోమ పొట్టలోంచి లాలాజల గ్రంథులకు చేరుతుందని, అక్కడి నుంచి కాటు ద్వారానే మరో పిట్టకు ఎక్కుతుందని చూపించాడు. దాంతో నీళ్లు తాగితే వస్తుందన్న మాన్సన్ మాట కూలిపోయింది. మాన్సన్ ఏం చేశాడు? ఆ జులై నెలలోనే ఎడింబరోలో జరిగిన వైద్యుల సభలో, తన ఊహను కూల్చిన ఆ ఫలితాలను తానే లేచి ప్రకటించాడు. 1900లో రోమ్ నుంచి మలేరియా సోకిన దోమలను లండన్ తెప్పించి, వైద్య విద్యార్థి అయిన తన కొడుకునే కుట్టించుకోనిచ్చాడు. కొడుకుకు మలేరియా వచ్చింది, క్వినైన్‌తో తగ్గింది. కాటు ద్వారానే వస్తుందనడానికి అంతకుమించిన రుజువు ఇంగ్లండులో అప్పటికి లేదు. తన తప్పును ఒప్పుకోవడమంటే పొరపాటైందని ఒక మాట అని ఊరుకోవడం కాదని, పాత అభిప్రాయం కోసం పడ్డంత శ్రమా కొత్త నిజం కోసం పడటమని ఈ మనిషి చూపించాడు.

దీనికి ఎదురుగా అదే కాలపు మరో మనిషిని నిలబెట్టి చూడండి. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పెట్టెన్‌కోఫర్ అనే గొప్ప పారిశుధ్య శాస్త్రవేత్త ఉండేవాడు. ఆ నగరానికి మంచినీళ్లు, మురుగుకాలువలు రావడానికి కృషి చేసినవాడు. కలరాకు సూక్ష్మజీవి ఒక్కటే కారణమన్న కాఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వాదాన్ని ఆయన నమ్మలేదు. నేలలో కూడా దానికి తగ్గ పరిస్థితి కూడాలన్నాడు. 1892 అక్టోబరులో, 73 ఏళ్ల వయసులో, కలరా సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తాగాడు. కాస్త విరేచనాలయ్యాయి, బతికాడు. అది కలరా కాదని, కాబట్టి తన మాటే నిజమని తేల్చాడు. ఆయన శిష్యుడు ఎమెరిఖ్ కూడా తాగి అంతకంటే ఎక్కువ జబ్బుపడ్డాడు. అయినా గురువు అభిప్రాయం మారలేదు. ధైర్యంలో పెట్టెన్‌కోఫర్ రాస్‌కు ఏమాత్రం తీసిపోడు, మంచితనంలో బహుశా మించినవాడు. కానీ ఒకరిద్దరు బతికారన్న చిన్న సాక్ష్యం మీద అంత పెద్ద వాదాన్ని నిలబెట్టాడు. పైగా ఫలితం ఎటు వచ్చినా తన వైపే తిరిగేలా దానికి అర్థం చెప్పుకున్నాడు. ఏ ఫలితం వస్తే నేను తప్పని ఒప్పుకుంటాను అని ముందుగా చెప్పుకోని ప్రయోగం, చావుకు తెగించి చేసినా, ఏమీ నేర్పదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ప్రతిదాన్నీ అనుమానించుకుంటూ కూర్చుంటే ఏ పనీ జరగదు కదా, రాస్ తన మీద తనకున్న గురి వల్లనే కదా గెలిచాడు అని. నిజమే. అయితే ఆయన దేన్ని పట్టుకున్నాడో, దేన్ని వదిలాడో వేరుచేసి చూడాలి. దోమే మలేరియాను మోస్తుందన్న మూల ఊహను చివరిదాకా వదల్లేదు. ఏ దోమ, ఏ దారిన, ఎన్ని రోజులకు అన్న వివరాలను మాత్రం సాక్ష్యం కాదన్నప్పుడల్లా వదులుతూ వచ్చాడు. మాన్సన్ ఊహలో నిజమైన సగాన్నీ తప్పైన సగాన్నీ విడదీయగలిగాడు. తప్పు బయటపడ్డప్పుడు మనం చేసే రెండు పొరపాట్లూ ఇక్కడే ఉన్నాయి. కొందరం మొత్తాన్నీ గుడ్డిగా పట్టుకుని వేలాడతాం. మరికొందరం ఒక్క వివరం తప్పవగానే మొత్తాన్నీ పారేసి, ఇక ఎవరేం చెప్పినా నమ్మనంటాం. ఈ రెండోది ఈమధ్య మరీ ఎక్కువైంది. వైద్యులు నిన్నొకటి చెప్పారు, ఇవాళ ఇంకొకటి చెబుతున్నారు, కాబట్టి వైద్యమంతా బూటకం అనే మాట ఇంటింటా వినబడుతోంది. అది అణకువలా కనిపించే అహంకారం. నిన్నటి మాటలో ఏ ముక్క మారింది, ఏ సాక్ష్యం వల్ల మారింది అని అడిగే ఓపిక లేనితనం.

మరో అభ్యంతరం ఇంకా బలమైంది. రాస్‌ను అణకువకు ఉదాహరణగా నిలబెట్టడమేమిటని ఆయన జీవితం తెలిసినవాళ్లు అడుగుతారు. మనిషి మలేరియా అనాఫిలిస్ దోమ ద్వారా వస్తుందని 1898 చివర్లో పూర్తిగా రుజువు చేసింది రోమ్‌లో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియానెల్లి. రాస్ పిట్టల్లో చూపించినదాన్ని వాళ్లు మనుషుల్లో చూపించారు. రాస్ వాళ్లకు ఆ గౌరవం ఇవ్వలేదు. తన పనిని దొంగిలించారని బతికినంతకాలం దుయ్యబట్టాడు. 1902లో నోబెల్ బహుమతి ఆయన ఒక్కడికే వచ్చినా కోపం చల్లారలేదు. ఇదంతా నిజం. దీన్ని దాచి రాస్‌ను మహర్షిని చేస్తే ఈ ప్రసంగానికే అర్థం లేకుండా పోతుంది. నేను చెప్పేది ఇదే: ఆలోచనలో అణకువ మనిషికి ఒక్కసారి వచ్చి ఉండిపోయే గుణం కాదు. ఒక విషయంలో ఉన్నవాడికి మరో విషయంలో లేకపోవచ్చు. దోమ ముందు రాస్‌కు ఉంది, తోటి మనిషి ముందు లేదు. దోమ విషయంలో ఆయనకు ఒక పద్ధతి ఉంది: రాసుకోవడం, మళ్లీ చేసి చూడటం, మాన్సన్‌కు చూపించడం. కీర్తి విషయంలో అలాంటి పద్ధతేదీ లేదు, మనసులోని మంట ఒక్కటే ఉంది. కాబట్టి స్వభావాన్ని నమ్ముకోవడం కంటే పద్ధతిని నమ్ముకోవడం మేలు. మంచి స్వభావం లేనివాడి చేత కూడా మంచి పద్ధతి తప్పు దిద్దించగలదు.

తప్పుల నుంచి నేర్చుకోవడం గురించి మాట్లాడేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. నేర్చుకునేవాడు ఒకడు, ఆ తప్పుకు మూల్యం చెల్లించేవాడు మరొకడు కావచ్చు. సికింద్రాబాద్‌లో చచ్చిన దోమల నీళ్లు తాగింది రాస్ కాదు. దోమతెరలో పడుకుని కుట్టించుకుంది ఆయన కాదు. వాళ్లు మన ఊళ్ల మనుషులు, బీదవాళ్లు, పై అధికారిగా వచ్చిన దొర మాట కాదనలేనివాళ్లు. డబ్బు ముట్టిన మాట నిజమే, కానీ వాళ్ల ఒప్పుకోలులో ఎంత ఇష్టం, ఎంత అవసరం అన్నది ఇవాళ ఏ వైద్య నైతిక కమిటీ అయినా మొట్టమొదట అడిగే ప్రశ్న. ఆనాడు ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. రాస్ పరిశోధన గొప్పదని చెబుతూనే ఈ మాటా చెప్పాలి. తన తప్పు వల్ల ఎవరు నష్టపోవచ్చో ముందుగా లెక్కచూసుకోవడం ఆలోచనలో అణకువకు తొలి మెట్టు. అధికారంలో ఉన్నవాళ్లకు, వైద్యులకు, తల్లిదండ్రులకు ఇది మరీ వర్తిస్తుంది. వాళ్ల తప్పుల ఖర్చు దాదాపు ఎప్పుడూ ఇతరుల ఖాతాలోనే పడుతుంది.

ఒక సంస్థ తన తప్పును బహిరంగంగా ఒప్పుకుంటే జనానికి దాని మీద నమ్మకం పోతుందని వాదించేవాళ్లున్నారు. ఈ వాదం నిలవదని చూపించే ఉదాహరణ దూరంగా లేదు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపుడు బలం ఇచ్చాయని, ఆ తేడాలు పోగుపడ్డాయని, వాటిని సరిదిద్దుకునే వేగం ల్యాండర్‌కు చాలలేదని, దిగడానికి ఎంచుకున్న చోటు మరీ ఇరుకని 2023లో ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న సోమనాథ్ తర్వాత వివరంగా చెప్పారు. ఒక్కో కారణానికి ఒక్కో మార్పు జరిగింది. అరకిలోమీటరు చదరంగా ఉన్న దిగే చోటు నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు అయింది. అయిదు ఇంజన్లు నాలుగయ్యాయి. కాళ్లు గట్టిపడ్డాయి. ఏమేం సరిగ్గా జరగాలన్న లెక్కతో కాక, ఏమేం చెడిపోవచ్చు, చెడిపోయినా ఎలా దిగాలి అన్న లెక్కతో దాన్ని తయారుచేశామని ఆయన అన్నారు. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న నెమ్మదిగా దిగింది. కూలిందని ఒప్పుకున్నందుకు ఇస్రో మీద జనానికి నమ్మకం తగ్గిందా? పెరిగింది. తొలి వైఫల్యం మీద కమిటీ ఇచ్చిన పూర్తి నివేదికను కూడా ప్రజల ముందు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఇంజనీరింగ్ పిల్లలకు అంతకు మించిన పాఠ్యపుస్తకం ఉండదు.

పిల్లల మాట వచ్చింది కనుక, నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయానికి వస్తాను. ఇంత గొప్ప ఉదాహరణలు ఇంటి పక్కనే ఉన్నా, మన కాలేజీ ప్రయోగశాలల్లో మనం నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ సంగతి చూడండి. లోలకం ప్రయోగం. దారానికి గుండు కట్టి ఊపి, ఇరవై డోలనాలకు ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచీతో చూసి, గురుత్వ త్వరణం కట్టాలి. జవాబు 980కి దగ్గరగా రావాలని పిల్లలకు ముందే తెలుసు. 930 వస్తే ఏం చేస్తారు? చాలామంది వెనక నుంచి లెక్కకట్టి, 980 రావాలంటే ఎన్ని సెకన్లు ఉండాలో ఆ సంఖ్యనే రీడింగుగా వేస్తారు. కొందరు సీనియర్ల రికార్డు తెచ్చి దించుతారు. లెక్చరర్‌కు తెలుసు, ఎక్స్‌టర్నల్‌గా వచ్చే ఎగ్జామినర్‌కు తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలుసు. ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే రికార్డు నీట్‌గా ఉంది, మార్కులు పడ్డాయి. కానీ ఆ 930 ఎందుకొచ్చిందో అడిగి ఉంటే ఎన్ని తెలిసేవి! దారం పొడవును గుండు నడిమి దాకా కాకుండా పైభాగం దాకానే కొలిచి ఉండవచ్చు. ఇరవైకి బదులు పంతొమ్మిది డోలనాలకే వాచీ ఆపితే విలువ పెరుగుతుంది తప్ప తగ్గదు కనుక, అది కారణం కాదని ఆ అమ్మాయో అబ్బాయో తానే కనుక్కుని ఉండేవారు. 980 వేసుకున్న క్షణంలో ఆ తలుపులన్నీ మూసుకుపోయాయి. పదహారేళ్ల వయసులో, అదీ సైన్సు పేరు మీద, చూసినదాన్ని కొట్టేసి కావలసినదాన్ని రాయడం నేర్పుతున్నాం. తర్వాత వాళ్లలో కొందరు మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగాల్లో చేరతారు, కొందరు వంతెనల కాంక్రీటు బలం చూస్తారు, కొందరు వైద్యులవుతారు.

మార్కులు కావాలి కదండీ, సీటు రావాలి కదండీ అని తల్లిదండ్రులు అంటారు. కావాలి. ఆ ఒత్తిడి ఎంతటిదో తెలియకుండా మాట్లాడటం లేదు. కానీ ఇందులో పిల్లల తప్పు చాలా తక్కువ. సరైన జవాబుకే మార్కులు ఇచ్చే పద్ధతి పెట్టి, నిజాయితీగా రాయమని చెబితే ఏ పిల్లవాడు రాస్తాడు? రాస్‌కు ఏమీ దొరకలేదని ఉత్తరం రాస్తే చదివి, మళ్లీ ప్రయత్నించమనే మాన్సన్ ఉన్నాడు. మన పిల్లలకు అలాంటి పాఠకుడు లేడు. ఆ పాఠకుడిగా ఉండగలిగింది లెక్చరర్లే.

అందుకే ఈ ప్రసంగం వింటున్న అధ్యాపకులకు నా విన్నపం. రికార్డుల్లో ప్రతి ప్రయోగం చివరా ఒక పేజీ ఖాళీగా ఉంచమనండి. పుస్తకంలోని విలువకూ తనకు వచ్చిన విలువకూ తేడా ఎంత, ఆ తేడాకు తాను అనుకుంటున్న కారణమేమిటి, ఆ కారణం నిజమో కాదో ఎలా తేల్చుకోవచ్చు అన్నది ఆ పేజీలో పిల్లలు సొంత మాటల్లో రాయాలి. రీడింగులు పెన్నుతోనే వేయించండి, తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేయమనండి, కింద ఉన్నది కనబడేలా. ఆ పేజీకి మార్కులు ఇవ్వండి. ఇది చేయడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, కొత్త పరికరాలు అక్కర్లేదు. సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.